పదకొండు పేర్ల సంఘం

ఆ రోజు మధ్యాహ్నానికి ఆదాము అరవై మూడు మీటర్లు చదివాడు. అరవై నాలుగోది మద్దిగుంపు అంగన్‌వాడీది. మద్దిగుంపు అంటే దమ్మపేట నుంచి అడవిలోకి పోయే మట్టిదారి చివర ఇరవై ఇళ్ళ కోయగూడెం. వాగు దాటి సైకిలు ఎక్కబోతుంటే పోలీసులు ఆపి సంచీ చూపించమన్నారు.

సంచీలో బిల్లులు కొట్టే మిషను, రెండు కాగితం చుట్టలు, టెస్టరు, అన్నం డబ్బా ఉన్నాయి. వాటి అడుగున నల్ల అట్ట పుస్తకం ఒకటి. అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చువేసి ఉంది: సంఘ సభ్యుల పుస్తకం.

హెడ్ కానిస్టేబుల్ రెండు పేజీలు తిప్పాడు. పుస్తకం మూసి ఆదామును పైనుంచి కిందికి చూశాడు. సైకిలు అక్కడే చెట్టుకు ఆనించి జీపు ఎక్కమన్నాడు.

అది రెండు వేల ఐదు, అక్టోబరు. నక్సలైట్లతో సర్కారు చర్చలు చెడిపోయి, నిషేధం మళ్ళీ వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఆ అడవి అంచున ఆ రోజుల్లో పోలీసుల చెవికి సంఘం అన్న మాటకు ఒకటే అర్థం. ఊళ్ళో ఉంటూ దళానికి అన్నం పెట్టేవాళ్ళు, కబురు మోసేవాళ్ళు. ఆదాముకు ఆ అర్థం తెలియక కాదు. పుట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ మాటను చర్చిలో వింటూ పెరిగినవాడు కాబట్టి, అట్ట మీద ఏముందో చూసుకోలేదు.

ఆదాముకు నలభై నాలుగేళ్ళు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, కరెంటు బిల్లుల కాంట్రాక్టరు దగ్గర కుదిరాడు. నెలలో మొదటి పక్షం సైకిలు మీద ఊళ్ళు తిరిగి, మీటరు చూసి, భుజాన వేలాడే మిషనులో అంకెలు నొక్కి, అందులోంచి వచ్చిన బిల్లు చించి ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ సర్వీసు నంబర్లు మరిచిపోడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పలకరిస్తే ముందు నంబరు గుర్తొస్తుంది, తర్వాత ఇంటి గోడ, ఆఖరున మొహం.

ఇంటి వెనక వసారాలో అతని బల్ల ఉంది. పాత రేడియోలు, టేపురికార్డర్లు విప్పి, వాటి భాగాలతో కొత్తవి చేయడం ఇరవై ఏళ్ళుగా అలవాటు. చర్చిలో బాప్తిస్మం తొట్టి నింపిన ప్రతిసారీ నీళ్ళు పొర్లి గచ్చంతా తడుస్తుంటే, తొట్టి అంచున రెండు తీగలు పెట్టి, నీళ్ళు తగలగానే మోగే బజరు తయారు చేశాడు. నింపేటప్పుడు బాగానే మోగింది. నిండాక బజరు కట్టేయడం మాత్రం మరిచిపోయారు. పాస్టరుగారు మొదటి మనిషిని ముంచగానే నీళ్ళు లేచి తీగలకు తగిలాయి. ఐస్‌క్రీం బండి వచ్చినట్టు సంగీతం మొదలైంది. ఆ ఆదివారం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఏడుగురు. ఏడుసార్లు మోగింది.

ప్రార్థన అయ్యాక అందరూ నవ్వుతూ అతని చుట్టూ చేరారు. ఎంతయింది అన్నారు. షాపు పెట్టరాదా అన్నారు. మూత తీసి లోపలేముందో చూపించమని ఎవరూ అనలేదు. ఇరవై ఏళ్ళలో అతను చేసిన ఏ వస్తువు విషయంలోనూ, ఈ ముక్క ఇక్కడ ఎందుకు పెట్టినవ్ అని ఎవరూ అడగలేదు. ఆదాముకు అలా అడిగే మనిషి కావాలి.

ఖమ్మం లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక చూశాడు. పట్నాల్లో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు వారానికోసారి కలుస్తారట. ఒకరు చేసింది ఇంకొకరు విప్పుతారట. దగ్గరలో అలాంటివాళ్ళు ఎక్కడున్నారో చెప్పమని పత్రికకు ఉత్తరం రాశాడు. నాలుగు నెలలకు కార్డు వచ్చింది. హైదరాబాదులో రెండు అడ్రసులు. సత్తుపల్లి నెట్ సెంటరుకు పోయి వెతికించాడు. నడిపే కుర్రవాడు చాలాసేపు కొట్టి, తెర అతనివైపు తిప్పాడు.

“బెంగుళూరు ఉంది, పూనా ఉంది. అన్నా, అసలు దమ్మపేట అనేదే దీంట్ల లేదు.”

దాంతో ఆదాము తనకు తెలిసిన పద్ధతిలోనే వెతకడం మొదలుపెట్టాడు. మీటరు చదివేవాడు ప్రతి ఇంటి గోడ దాకా పోవాలి. పోయినప్పుడు గూట్లో మూత తీసిన రేడియో ఉందా, కిటికీ చువ్వకు రాగితీగ వేలాడుతోందా, సోల్డరింగ్ పేస్టు కాలిన వాసన వస్తోందా చూసుకునేవాడు. అలా కనిపించిన మనుషుల వివరాలు రాసుకోవడానికి పుస్తకం కావలసి వచ్చింది. చర్చి కోసం రెండు పుస్తకాలు అచ్చు వేయిస్తే ఒకటి మిగిలిపోయి ఉంది. పాస్టరుగారు అది ఇచ్చేశారు. లోపల గడులు కూడా గీసే ఉన్నాయి. పేరు, ఊరు, చేరిన తేదీ, పరిచర్య. ఆఖరి గడిలో ఎవరు ఏం చేస్తారో రాసుకున్నాడు.

ఏడాదిన్నరలో తనతో కలిపి పదకొండు మంది తేలారు.

వాళ్ళలో చందూలాల్ పశువుల దవాఖానాలో అటెండరు. తండాలో రెండెకరాల మొక్కజొన్న ఉంది. చిలకల బెడద పోవడానికి గోడ గడియారం పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చినప్పుడల్లా తీగకు తగిలి, టేపురికార్డరు మోగేలా చేశాడు. క్యాసెట్‌లో ఉన్నది యాడి అని అతను పిలిచే తల్లి గొంతు. చిలకల్ని, వాటి ఏడు తరాల్ని కలిపి లంబాడీలో అరనిమిషం తిడుతుంది. దస్రు అనే ఇంకొకతను బావి దగ్గర మోటారును గట్టు మీద నుంచే ఆపే రిమోట్ చేసుకున్నాడు.

ముత్తక్క ఇంటికి మీటరే లేదు. మద్దిగుంపు అంగన్‌వాడీ మీటరు చదువుతుంటే, వెనక కరెంటు లేని ఇంట్లోంచి కొత్తగూడెం రేడియో గరగర లేకుండా వినిపించింది. ఆ అడవిలో అంత స్పష్టంగా రావడం ఆదాము ఎన్నడూ వినలేదు. పోయి చూస్తే ఇప్పచెట్టు చిటారు కొమ్మ నుంచి తీగ ఒకటి ఇంట్లోకి దిగి ఉంది. కావలసిన పొడవు ఎంతో ముత్తక్క మూరమూర కోసి చూసి తేల్చింది. గూడెంలో పోయిన ప్రతి రేడియో ఆమె దగ్గరికే వస్తుంది.

పదకొండు మందినీ ఒకరోజు ఒకచోట కూర్చోబెట్టాలన్నది ఆదాము ఆలోచన. తేదీ అనుకోలేదు. అంతలో జీపు వచ్చింది.

ఠాణాలో ఎస్సై పుస్తకం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కొత్తగా వచ్చినవాడు, కృష్ణా జిల్లా మనిషి.

“సంఘం పేరేంటి?”

“పేరింకా పెట్టలే సార్.”

“పేరు లేని సంఘమా?”

“పుస్తకం చర్చిది సార్. ఒకటి మిగిలితే పాస్టరుగారు ఇచ్చిండ్రు.”

ఎస్సై వేలు పెట్టి చదివాడు. “చందూలాల్. గోడ గడియారంతో టైమరు. గంటకోసారి. దస్రు. రిమోట్. ముప్పై గజాలు. ముత్తక్క. అరవై అడుగుల తీగ.” తలెత్తాడు. “ఈ పరిచర్య అంటే ఏంటయ్యా?”

“సేవ సార్.”

“ఎవరికి సేవ?”

ఆదాము చందూలాల్ వరుస చూపించాడు. “ఆ గడియారం చిలకల్ని తోలతది సార్,” అన్నాడు.

తలుపు దగ్గర కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై అటు చూడగానే ఆపేశాడు.

ఎస్సై పాస్టరుగారికి ఫోను చేయించాడు. పేర్లన్నీ చదివి, వీళ్ళు మీ సంఘ సభ్యులేనా అని అడిగాడు. పాస్టరుగారు అబద్ధమాడే మనిషి కారు.

“పుస్తకం మాదే సార్. పేర్లు మాత్రం మావి కావు. చందూలాల్ అనే విశ్వాసి మా సంఘంలో లేడు. మా రిజిస్టరు కావాలంటే ఇప్పుడే తెచ్చి చూపిస్త.”

“అక్కర్లేదు,” అని ఎస్సై ఫోను పెట్టేశాడు.

ఆదాము మీద ఎవరూ చెయ్యి వేయలేదు. టీ ఇచ్చారు. పుస్తకాన్ని జిరాక్సుకు పంపి రెండు కాపీలు తీయించారు. పొద్దు వాలేముందు ఎస్సై మళ్ళీ పిలిచాడు.

“నాకు నీ మీద అనుమానం లేదనుకో. ఉన్నా లేకపోయినా ఒకటే. నువ్వు ప్రతి ఇంటి గోడ దాకా పోతావు, మావాళ్ళు పోలేరు. నెలాఖరున రా. కొత్తగా ఎవరు చేరారు, ఎవరింట్లో ఏ సామాను కనపడింది, చెప్పి పో. పుస్తకం ఇక్కడే ఉంటుంది.”

ఇంటికి చేరేసరికి భార్య విశ్రాంతమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కబురు అప్పటికే వచ్చింది.

“ఏందంట దీవెన నాన్నా?” అంది. కూతురి పేరు పెట్టి పిలవడం ఆమె అలవాటు.

జరిగిందంతా చెప్పాడు.

“మరి చెప్పి రారాదా. చిలకల గడియారం సంగతి చెప్తే ఏం బోయింది?”

“ఈ నెల చిలకల గడియారం. వచ్చే నెల ఫలానా ఇంట్ల ఇద్దరు కొత్తోళ్ళు కనబడ్డరా అంటడు. అప్పుడేం జెప్పాలె? నేను ఠాణాకు పోతున్ననని అడవి లోపలోళ్ళకు తెలిస్తే?”

ఇన్ఫార్మరని పేరు పడినవాడు ఆ దారుల్లో ఎక్కువ రోజులు సైకిలు తొక్కడని విశ్రాంతమ్మకూ తెలుసు. చెప్పకపోతే ఆ పదకొండు మందిలో ఎవరినైనా ఎప్పుడైనా జీపు ఎక్కించవచ్చు. రెంటికీ కారణం ఆదాము రాసుకున్న జాబితా.

“చక్కగ పేకాడుకునే మొగుళ్ళను చూసి నవ్వేదాన్ని,” అని ఆమె అన్నం వడ్డించింది.

పుస్తకం లేకపోయినా సర్వీసు నంబర్లు గుర్తున్నాయి. మర్నాటి నుంచి నాలుగు రోజులు అతను మిగతా పది ఇళ్ళకూ పోయాడు. మీ పేరు ఠాణాలో ఉంది, నా మూలంగానే ఉంది అని చెప్పాడు. ఇంకో రకంగా తెలిసే ముందు తనే చెప్పడం మేలనుకున్నాడు.

దస్రు మాట పూర్తిగా వినకముందే లోపలికి పోయి రిమోటు తెచ్చి, గడ్డపలుగుతో నాలుగు దెబ్బలు కొట్టాడు.

“నా పేరు కొట్టెయ్.”

“కొట్టేసినా ఠాణాల ఉంటది తమ్మీ.”

“నీ పుస్తకంలనన్న కొట్టెయ్!”

“పుస్తకం కూడా ఆడనే ఉంది.”

దస్రు ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. ఆ నెల బిల్లు అతని భార్య వచ్చి తీసుకుంది.

చందూలాల్ మాత్రం నవ్వాడు. “రానీ ఆదామన్నా. ఎస్సై సారుకు మా యాడి క్యాసెట్ పెట్టి వినిపిస్త. చిలకలే నిలబడలే, గాయన నిలబడతడా?” నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. “గది సరే గానీ, నాది సర్కారు నౌకరి. పేరు ఎక్కడెక్కడ ఉందో నాకు చెప్తుండు.”

ఆఖరున మద్దిగుంపు. ముత్తక్క ఇంటి ముందు ఇప్పగింజలు ఎండబోస్తోంది. పని ఆపకుండానే వింది.

“ఏం పేరు రాసినవ్?”

“ముత్తక్క అని.”

“ఇంకా?”

“ఊరు రాసిన. మద్దిగుంపు.”

“అంతేనా?” ఆమె లేచి నిలబడింది. “మీటరాయనా, మా గుంపుల ముత్తక్కలు ముగ్గురం. ఒకామె ఎనభై ఏళ్ళ ముసల్ది, కళ్ళు కనబడవ్. ఇంకొకామె బాలింత. జీపొస్తే ఎవల్నెక్కించుకుంటరు?”

ఆదాము దాని గురించి ఆలోచించలేదు. అతని లెక్కలో ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉంటుంది, నంబరు తప్పదు. ముత్తక్క ఇంటికి నంబరు లేదు.

“పోయి సక్కగ రాసి రా. ఏ ముత్తక్క, ఇల్లు ఏడ, ఏం జేస్తది, అంతా రాయ్. నలుగురు తిరిగే కాడ పెట్టు. ఇది రేడియో బాగుజేసే ముత్తక్క అని అందరికీ తెల్వాలె. పోలీసోళ్ళకు తెల్వాలె, లోపలోళ్ళకు తెల్వాలె. నువ్వొక్కనివే చెవుల చెప్తే గదా తంటా.”

తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర ఆదాము సైకిలు దిగి కాసేపు కూర్చున్నాడు. అందరూ చదివే చోట జాబితా ఉంటే, ఠాణాకు పోయి చెప్పడానికి తన దగ్గర ఏమీ మిగలదు. లోపలివాళ్ళు చూసినా అదే కాగితం చూస్తారు.

మళ్ళీ మిగతా తొమ్మిది ఇళ్ళూ తిరిగాడు. గోడ మీద పేరు పెట్టొచ్చా అని అడిగాడు. ముత్తక్కతో కలిపి ఐదుగురు ఒప్పుకున్నారు. చందూలాల్ రెండు రోజులు గడువు అడిగి, పేరు పక్కన ‘చిలకల కోసం’ అని తప్పకుండా రాయాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. దస్రు గుమ్మం దగ్గరికి కూడా రాలేదు.

చార్టు కాగితం తెచ్చి విశ్రాంతమ్మ ముందు పరిచాడు. ఆమె చేతిరాత గుండ్రంగా ఉంటుంది.

“పైన ఏం రాయాలె?” అంది. “సంఘం అన్నవంటే మళ్ళ జీపే.”

“క్లబ్బు అని రాయి.”

“క్లబ్బంటే పేకాట. మా అన్న ఇల్లు గట్లనే గుల్లయింది. నా చేత్తో నేను రాయ.”

“సొసైటీ?”

“ఎరువులొచ్చినయనుకుని లైను కడ్తరు.”

“గ్రూపు?”

“డ్వాక్రా గ్రూపులున్నయ్. నువ్వు లోనిస్తవా?”

“సమితి…” అని ఆదాము తనే ఆగిపోయాడు. అది పార్టీ అవుతుంది.

పైన జాగా ఖాళీగా వదిలేశారు. కింద ఆరు వరుసలు రాశారు. మూడో వరుస ఇలా ఉంది: ముత్తక్క, మద్దిగుంపు, అంగన్‌వాడీ వెనక ఇల్లు, కరెంటు లేదు. రేడియోలు బాగుచేస్తుంది. ఇప్పచెట్టుకు తీగ ఉంది, అది ఏరియల్. ఆఖరి వరుస ఆదాముది. అందులో బాప్తిస్మం తొట్టి బజరు గురించి రాయించాడు. అడుగున ఇంకో మాట చేర్చారు. సంత రోజు పదకొండు గంటలకు ఇక్కడే కూర్చుంటారు, ఎవరైనా రావచ్చు.

బస్టాండు ఎదురుగా రామక్క టీ హోటలు ఉంది. రామక్కకు చదువు రాదు. కాగితం అటూ ఇటూ చూసి, “దీంతోటి నాకేమన్న ఉంటదా?” అని అడిగింది. సంత రోజు ఆరుగురు టీ తాగుతారని ఆదాము చెప్పాడు. బత్తాయిల వ్యాపారి ఇచ్చిన దేవుడి క్యాలెండరు కాస్త జరిపి, ఆ జాగా ఇచ్చింది. కానిస్టేబుళ్ళు పొద్దున టీ తాగేది కూడా అక్కడే.

నెలాఖరున ఆదాము ఠాణాకు పోయాడు. ఎస్సై కుర్చీ చూపించలేదు.

“ఏం తెచ్చావ్?”

“అంతా రామక్క హోటలు గోడ మీద పెట్టిన సార్. ఇండ్లతో సహా.”

“చూశాను. అందులో ఆరున్నాయి. నా దగ్గర పదకొండు ఉన్నాయి. మిగతా ఐదుగురూ ఏమయ్యారు?”

“మానేసిండ్రు సార్. వాళ్ళ సామాను పలగ్గొట్టుకున్నరు.”

“గోడ మీద లేనివాళ్ళ సంగతులు నీకు కనపడవా, ఇళ్ళల్లోకి పోతావు గదా?”

“మీటరు తప్ప నేనేం చూడను సార్.”

ఇది నిజం కాదు. దీన్ని నాలుగు రోజులుగా సైకిలు మీద పైకి అనుకుంటూ వచ్చాడు. ఎస్సై అతని మొహం కొంతసేపు చూసి, ఎదురుగా ఉన్న కాగితాల్లోకి తల దించుకున్నాడు. పొమ్మన్నాడు. వచ్చే నెల రమ్మనీ అనలేదు, రావద్దనీ అనలేదు. ఆదాము పుస్తకం అడిగాడు. అది ఫైలులో ఉంది, ఇవ్వడం కుదరదన్నాడు.

మొదటి సంత రోజు ఆదాము తొట్టి బజరు పట్టుకుని పదింటికే హోటలుకు వచ్చి కూర్చున్నాడు. పదకొండున్నర దాకా ఎవరూ రాలేదు. పక్క బల్ల దగ్గర మామూలు బట్టల్లో ఒక కానిస్టేబుల్ రెండో టీ తాగుతున్నాడు. చందూలాల్ గడియారాన్ని తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. గోడ మీద పేరున్న ఇంకొకతను, సత్తుపల్లిలో చర్చి మైకుసెట్లు చూసుకునే జస్టిన్, బస్సు దిగాడు. ముత్తక్క ఇప్పగింజలు అమ్ముకుని, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని పన్నెండింటికి వచ్చింది.

వచ్చినామె కూర్చోకుండానే ఆదాము ముందున్న బజరు అందుకుంది. కొప్పులోంచి పిన్నీసు తీసి మూత లేపింది. లోపల కాసేపు చూసి, చారల చారల చిన్న ముక్కను గోటితో చూపించింది.

“ఇదెందుకు పెట్టినవ్?”

ఆదాము దగ్గరికి వంగి చూశాడు. “సర్క్యూట్ బొమ్మల పుస్తకంల అట్లనే ఉంది అక్కా,” అన్నాడు.

“తీస్తే ఏమైతది?”

తెలియదన్నాడు. జస్టిన్ తన సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి దాన్ని తీసి, బదులు చిన్న తీగ అతికించాడు. రామక్క గ్లాసులో నీళ్ళు తెచ్చి పెట్టింది. తీగలు ముంచగానే బజరు మునుపటికంటే గట్టిగా మోగింది. బస్టాండులో ఇద్దరు ముగ్గురు ఐస్‌క్రీం బండి కోసం వెనక్కి తిరిగి చూశారు. రెండు నిమిషాలకు లోపలి చిప్ వేడెక్కి కాలిపోయి, బజరు ఆగిపోయింది. ముత్తక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“అందుకన్నమాట,” అంది.

వచ్చే సంతకు కొత్త చిప్ తెస్తానని జస్టిన్ ఒప్పుకున్నాడు. ఆ రోజు వచ్చినవాళ్ళు నలుగురు. గోడ మీద పేర్లు ఆరు. ఠాణా ఫైలులో పదకొండు.